తెరిచి చూడవలెను

మబ్బులమెట్ట మీదికి ఇల్లుబండి వచ్చిన నాటికి అందులోని ఫ్రిజ్ చక్కగా పనిచేస్తోంది. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. తరువాత జరిగిన విచారణలో ఈ ఒక్క సంగతినీ ఎవరూ పట్టించుకోలేదు.

ఇల్లుబండి అన్నది కొండమీది జనం పెట్టుకున్న పేరు. కాగితాల్లో అది సంచార విశ్రాంతి వాహనం. మంచం, గ్యాసుపొయ్యి, స్నానాలగది, కిటికీకి లేసు తెర ఉన్న పొడుగాటి బండి. కొండ చూడవచ్చినవాళ్లు దాన్ని అద్దెకు తీసుకుని అందులోనే వండుకు తిని, పడుకుని, కావలసిన చోటికి తిరుగుతారని సంచార విశ్రాంతి మండలి వారి ఊహ. నెల ఇరవయ్యో తారీకున కార్యదర్శిగారు వచ్చి రిబ్బను కత్తిరిస్తారు. ఆనాటికి బండిలోని ప్రతి వస్తువూ సక్రమంగా ఉన్నట్టు ధ్రువపత్రం కావాలి. ఫ్రిజ్‌కి ధ్రువపత్రం వస్తే దాన్ని చూసుకునే అప్పలసూరి ఉద్యోగం పర్మినెంటవుతుంది. ఫ్రిజ్ ఐదు డిగ్రీలు దాటిందంటే ఉన్న ఉద్యోగమూ పోతుంది. అతని నియామక పత్రం మూడో పేరాలో ఆ మాట స్పష్టంగా ఉంది.

అప్పలసూరికి యాభైమూడేళ్లు. ముప్పై ఏళ్లపాటు పార్వతీపురంలో ఫ్రిజ్‌లు బాగుచేశాడు. మోకాళ్లు అరిగి, యంత్రాల ముందు గొంతుక్కూర్చోవడం కష్టమయ్యాక దుకాణం మూసేసి ఇందులో చేరాడు. మనుషులతో కంటే ఫ్రిజ్‌లతో ఎక్కువ కాలం గడిపినవాడు. ఒక ఇంట్లో ఫ్రిజ్ తలుపు ఎలా మూస్తారో చూస్తే ఆ ఇంట్లోవాళ్లు ఒకరినొకరు ఎలా చూసుకుంటారో చెప్పగలనని అతనికి లోలోపల ఒక నమ్మకం. బయటికి ఎన్నడూ అనలేదు. అలాంటివి అంటే రిపేరుకు పిలవరు.

ఇల్లుబండి ఫ్రిజ్ మామూలుది కాదు. దానికి మోటారు లేదు. వెనక ఒక చిన్న గ్యాసు మంట నీలంగా వెలుగుతుంటుంది. ఆ వేడికి గొట్టాల్లోని మందు ఆవిరై పైకి పోయి, చల్లారి, తనంతట తానే కిందికి జారుతూ పెట్టెలోని వేడిని లాక్కుపోతుంది. చప్పుడుండదు, తొందర కూడా ఉండదు. బండిని మట్టంగా నిలబెట్టాలి, వెనక గాలి ఆడనివ్వాలి, ఆపైన ఎనిమిది పది గంటలు దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. అప్పలసూరి మొదటిరోజే తాపీమేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి, ఎడమ చక్రాల కింద రెండు చెక్కలు పెట్టి బుడగను మధ్యకు తెచ్చాడు. బర్నరుకు పట్టిన మసి దులిపాడు. వెనక జాలీలో కందిరీగలు కట్టిన గూడు తీసేశాడు. తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూసి లాగాడు. కాగితం రాలేదు, అంటే రబ్బరు బాగుంది. సాయంత్రం మూసిన తలుపు పొద్దున తెరిస్తే లోపలి థర్మామీటరు నాలుగు డిగ్రీలు చూపించింది.

కొండమీది విడిదికి మేనేజరు దివాకరం గారు వచ్చి ఫ్రిజ్‌కి చెవి ఆనించి చాలాసేపు విన్నారు.

"చప్పుడు లేదేం?"

"దీనికి మోటారు నేదండి బావూ. మంట మీద నడుస్తాది."

"మంట మీద చల్లబడుతుందా?"

"అవునండి."

"ఆ మాట కాగితం మీద రాసిస్తావా?"

రాసిచ్చాడు. దివాకరం గారు రెండుసార్లు చదువుకున్నారు. ఫ్రిజ్ తలుపు తెరిచి డిగ్రీలు చూశారు. మూశారు. సరిగ్గా మూసుకుందో లేదోనని మళ్లీ తెరిచి చూశారు.

ఆ రెండోసారి తెరవడం అప్పలసూరి చూశాడు. అలా తెరిచేవాళ్లను అతను ఎరుగును. పూర్వం దివాకరం గారు పడవల విభాగంలో ఉండగా నలభై లైఫ్‌జాకెట్లు ముట్టినట్టు పెట్టెలు విప్పకుండా సంతకం చేశారట. పెట్టెల్లో ఉన్నవి దిండుగలీబులు. మూడేళ్లు విచారణ నడిచింది. ఆనాటినుంచీ ఆయనకు మూసి ఉన్న దేన్ని చూసినా ఊపిరాడదు. గదికి తాళం వేసి మెట్లు దిగి, మళ్లీ ఎక్కి, తాళం లాగి చూసి దిగుతారు. ఇలాంటి భయం ఒక మనిషికి ఉంటే జబ్బంటాం. ఆయన దాన్ని పై ఆఫీసుకు రాస్తే, పై ఆఫీసు దాన్ని విధానం చేసింది.

మూడో తారీకున తాఖీదు వచ్చింది.

"పై విషయమై తెలియజేయునది ఏమనగా, నిశ్శబ్దముగా పనిచేయు యంత్రము పనిచేయుచున్నదని నిశ్శబ్దమును బట్టి నిర్ధారించుట వీలుపడదు. కావున ప్రతి రెండు గంటలకు ఒకమారు శీతల పేటిక తలుపు తెరిచి చూడవలెను. అధికారులు యంత్రములను తాకరాదు గనుక తలుపును అప్పలసూరియే తెరవవలెను. అధికారి చూడవలెను. తెరిచినవారు పుస్తకములో సంతకము చేయవలెను."

రెండు రోజులు అలాగే తెరిచారు. దివాకరం గారు కళ్లజోడు సర్దుకుని, వంగి, ఒక అంకె చదివి, నమ్మకం కలగక ఇంకోసారి చదివేవారు. అంతసేపూ తలుపు తెరిచే ఉండేది. ఫ్రిజ్ ఏడు డిగ్రీలకు వచ్చింది. వెంటనే రెండో తాఖీదు వచ్చింది. ఉష్ణోగ్రత పెరుగుదలను బట్టి పర్యవేక్షణ చాలుట లేదని విదితమగుచున్నదట. ఇకమీదట గంటకొకసారి. గంటకొకసారి చూస్తే పది డిగ్రీలయింది. అరగంటకొకసారి చూడమన్నారు.

అప్పలసూరి చేతులు కట్టుకుని మేనేజరు గారి గదిలో నిలబడ్డాడు.

"ఎనిమిది గంటలు ఒగ్గీండి బావూ. ఒక్క ఎనిమిది గంటలు తలుపు ముట్టకుండా ఒగ్గీండి. అదే సల్లబడిపోతాది."

"తెరవకపోతే చల్లబడిందని ఎలా తెలుస్తుంది?"

"తెరిస్తే సల్లబడదు కదండి."

"చల్లబడలేదని తెలుస్తుంది కదా." దివాకరం గారు వేళాకోళానికి అనడం లేదు. ఆయన ముఖంలో నిజమైన అలసట ఉంది. "చూడు సూరీ, తెలియకుండా చల్లగా ఉండడం కంటే, తెలిసి వెచ్చగా ఉండడం పరిపాలనకు మేలు."

"పోనీ ఇంకో మాటండి. తీగున్న థర్మామీటరని ఉంటాది. తీగ లోపల పెట్టీసి తలుపు మూసీవొచ్చు. అంకె బయటికే కనపడతాది. పార్వతీపురం నుంచి నాను తెచ్చీగలను."

దివాకరం గారు తాఖీదు తీసి వేలితో గీత గీసినట్టు చదివారు. "తెరిచి చూడవలెను. చూడవలెను అని మాత్రమే ఉంటే ఆలోచించేవాణ్ని. వాళ్లు తెరిచి అన్నారు. తెరవకుండా చూస్తే సగం ఆజ్ఞ ఉల్లంఘించినట్టు."

మధ్యాహ్నం పార్వతీపురంనుంచి నూకరత్నం ఫోన్ చేసింది. ఆమె అప్పలసూరి భార్య, మేనమామ కూతురు కూడా. పెళ్లై ముప్పై ఏళ్లయినా అతన్ని బావా అనే పిలుస్తుంది.

"ఏటి బావా, పర్మెంటు కాయితం ఎప్పుడొస్తాది? పక్కింటోళ్లకి నాను సెప్పీసాను."

"ఎందుకు సెప్పీసావు?"

"సెప్పకపోతే నమ్మరు. ఏటి, ఫ్రిజ్జు బాగవలేదా? ముప్పై ఏళ్లు సేసినావు, ఒక ఫ్రిజ్జు నీ మాట ఇనలేదా?"

"ఫ్రిజ్జు ఇంటాదే. మనుషులే ఇనరు."

"మనుషులకేటి సెప్పాల?"

"తలుపు తియ్యొద్దని."

"మా అమ్మ పెరుగు తోడెట్టి, గంటకోపాలి మూత తీసి సూసీది. ఎన్నడూ తోడుకోలేదు. మా నాన్న తిట్టీవోడు. అది పాలని తిట్టీది."

అప్పలసూరి నవ్వాడు. ఈ కొండమీద అతను నవ్వడం అదే మొదటిసారి.

తొమ్మిదో తారీకునుంచి ఒక అధికారి చూపు చాలదన్నారు. ఇద్దరు కలిసి చూడాలి, ఇద్దరి అంకెలూ కలవాలి, ఫొటో కూడా తియ్యాలి. మబ్బులమెట్ట గాలిలో తడి ఎక్కువ. తలుపు తెరిచీ తెరవగానే థర్మామీటరు అద్దానికి ఆవిరి పట్టేది. తుడిచేవారు. మళ్లీ పట్టేది. ఆవిరి పట్టడం ఆగాకే ఫొటో బాగా వచ్చేది. అంటే లోపల బాగా వెచ్చబడ్డాక. ఫొటోలన్నీ చాలా స్పష్టంగా వచ్చాయి. వాటిలో అంకె పద్నాలుగు.

అప్పలసూరిలోనూ ఏదో మారింది. అన్నం తింటుంటే ఎవరో వచ్చి తన వెనక నిలబడినట్టుండేది. కొండ అంచున ఒంటరిగా కూర్చుంటే, ఒక ఆలోచన లోపల రూపం కట్టబోయే సమయానికి సరిగ్గా అరగంటయ్యేది. లేచి వెళ్లి తలుపు తెరిచి, సంతకం చేసి, తిరిగొస్తే ఆ ఆలోచన ఉండేది కాదు. మనిషి లోపల కూడా కొన్ని చీకట్లో, మూతపెట్టి ఉన్నప్పుడే గడ్డకడతాయేమోనని అతనికి అనిపించింది. ఆ మాట పూర్తిగా అనుకునేలోపే అరగంటయింది.

పన్నెండో తారీకున ముగ్గురు సభ్యుల సాంకేతిక సంఘం జీపులో వచ్చింది. ఒక్కొక్క సభ్యుడూ విడివిడిగా తలుపు తెరిపించుకుని చూశారు, ఒకరి అభిప్రాయం ఇంకొకరి మీద పడకూడదని. మొదటాయన లోపల చెయ్యిపెట్టి, బయటికంటే చల్లగానే ఉంది గనుక సూత్రరీత్యా పనిచేస్తున్నట్టేనన్నారు. రెండో ఆయన మంటను చూసి, ఈ వేడే లోపలికి వస్తోందని అనుమానపడ్డారు. మూడో ఆయన పెద్దవారు. యంత్రాన్ని ఖాళీగా ఉంచి పరీక్షిస్తే దాని శీలం తెలియదు, భారం మోపాలన్నారు. క్యాంటీన్‌లో అప్పుడే దింపిన సాంబారు గిన్నెతో సహా తెప్పించి లోపల పెట్టించారు.

"వేడి సాంబారండి," అన్నాడు అప్పలసూరి.

"చల్లటి సాంబారును చల్లబరచడంలో దాని గొప్పేమిటయ్యా?"

పావుగంటకోసారి తెరిచి సాంబారు పురోగతి నమోదు చేశారు. పంతొమ్మిది డిగ్రీలు. వెళ్తూ వెళ్తూ ఒక వాక్యం రాసిపెట్టారు: "యంత్రము పర్యవేక్షణకు సహకరించుట లేదు."

ఇరవయ్యో తారీకుకు ఎనిమిది రోజులుంది. అప్పలసూరికి కావలసింది ఎనిమిది గంటలు. మండలిలో ఏ వస్తువును చూడకుండా వదిలేస్తారా అని అతను మధ్యాహ్నమంతా ఆలోచించాడు. బాగున్నదాన్ని చూస్తారు, బాగుందో లేదోనని. బాగులేనిదాన్ని మరీ చూస్తారు. మరి ఎవరూ ముట్టనిది ఏది? స్టోరుగది మూలన గుడ్డ చుట్టి, లక్క ముద్రలు వేసి ఉన్న పాత లైఫ్‌జాకెట్ల పెట్టెలు గుర్తొచ్చాయి. అందులో దిండుగలీబులున్నాయని లోకమంతటికీ తెలుసు. అయినా పదకొండేళ్లుగా ఎవరూ విప్పలేదు. కేసులో సాక్ష్యం కదా.

అప్పలసూరి తెల్లకాగితం తీసుకుని ఎడమచేత్తో తనమీద తానే ఆకాశరామన్న ఉత్తరం రాశాడు.

"అయ్యా, ఇల్లుబండి ఫ్రిజ్ చెడగొడుతున్నది అప్పలసూరి అనే మనిషి. అతని చేతులు దానిమీద ఉన్నంతకాలం అది చల్లబడదు. వెంటనే స్వాధీనం చేసుకుని విచారించండి. ఇట్లు, మండలి మేలుకోరేవాడు."

మొదటి రెండు వాక్యాలు కష్టంగా వచ్చాయి. తరువాత చెయ్యి దానంతట అదే సాగింది. అప్పలసూరి దొంగచూపుల మనిషనీ, ఎవరితో కలవడనీ, ఒంటరిగా కూర్చుని ఏదో ఆలోచిస్తుంటాడనీ ఇంకో పేజీ రాశాడు. చదువుకుంటే అంతా నిజంలాగే ఉంది. తన గురించి ఇంత వివరంగా ఎవరైనా రాయడం అతని జీవితంలో ఇదే మొదలు. ఆ అప్పలసూరి మీద అతనికి కొంచెం అనుమానం కూడా కలిగింది.

ఉత్తరం చేరిన మర్నాడే, పదిహేనో తారీకున, విచారణాధికారిణి కాత్యాయని గారు వచ్చారు. నెమ్మదైన మనిషి. మాట తడుముకోరు.

"అప్పలసూరీ, మీ మీద ఫిర్యాదు వచ్చింది. విచారణ ముగిసేదాకా మీరు ఈ బండికి ఇరవై అడుగుల లోపలికి రాకూడదు. ఫ్రిజ్‌ని సీలు చేస్తున్నాం. ఎవరూ తెరవరాదు. నేను కూడా తెరవను."

"అలాగేనండి," అన్నాడు అప్పలసూరి. గొంతులో సంతోషం వినబడకుండా ఉండడానికి నేలచూపు చూశాడు. అదీ ఆమె రాసుకున్నారు.

"ఆ మంట ఆర్పేయమంటారా మేడమ్?" అన్నారు దివాకరం గారు.

"ఆర్పడమంటే సాక్ష్యాన్ని మార్చడమే. ఏది ఎలా ఉందో అలాగే ఉండాలి. మంట మంటగానే, సాంబారు సాంబారుగానే."

గుడ్డ చుట్టి ఐదు లక్క ముద్రలు వేశారు. అప్పలసూరి ఇరవై అడుగులు కొలుచుకుని ఒక బండరాయి మీద కూర్చున్నాడు. అక్కడినుంచి వెనక జాలీలో నీలపు మినుకు కనిపిస్తోంది. నాలుగు గంటలయ్యేసరికి, ఇప్పుడు పన్నెండు దిగి ఉంటుందనుకున్నాడు. సాయంత్రానికి ఎనిమిది. అది అతనికి కనబడలేదు, అయినా తెలిసింది. ముప్పై ఏళ్ల తన పని మొత్తం ఇలా చూడకుండా తెలుసుకోవడమేనని అతను మొదటిసారి గ్రహించాడు. ఆ ఆలోచన పూర్తయ్యేదాకా ఎవరూ లేపలేదు.

మూడోరోజు దివాకరం గారు వచ్చి ఆ రాతిమీదే, కొంచెం ఎడంగా కూర్చున్నారు.

"నిన్న రాత్రి నిద్రపట్టింది సూరీ."

"మంచిదండి."

"తాళం ఒక్కసారే వేశాను. మెట్లు దిగిపోయాను." కాసేపు సీలువైపు చూశారు. "తెరవడానికి వీల్లేదని ఎవరైనా అంటే ఇంత హాయిగా ఉంటుందని నాకు తెలియదు."

"మరి తరవాత కూడా అలాగే ఒగ్గీవొచ్చు కదండి."

"తరువాత ఎవరంటారు?"



పంతొమ్మిదో తారీకు ఉదయం అందరి ముందూ ముద్రలు పగలగొట్టారు. తలుపు తెరవగానే చల్లటి గాలి పాదాలమీదికి దొర్లింది. మూడు డిగ్రీలు. పై అరలో మంచు పొర. సాంబారు మీద తెల్లగా పేరిన నెయ్యి, అందులో బిగుసుకుపోయిన ములక్కాడలు. దివాకరం గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పలసూరి మోకాళ్ల నొప్పి మరిచి వంగి, థర్మామీటరును పాపాయిని చూసినట్టు చూశాడు.

కాత్యాయని గారు కుర్చీలో కూర్చుని నివేదిక అక్కడే చెప్పి రాయించారు.

"ఉష్ణోగ్రత పుస్తకమును పరిశీలించగా, సదరు తలుపును రెండువందల అరవై నాలుగు మార్లు తెరిచినది అప్పలసూరి. ప్రతి తెరుపునకు అతని సంతకమే కలదు. ఏ అధికారియు ఒక్కమారైనను తెరిచి యుండలేదు. అతడు సమీపమున నున్నంతకాలము ఉష్ణోగ్రత నాలుగునుండి పంతొమ్మిదికి చేరెను. అతనిని దూరముగా నుంచిన నాలుగు దినములలో మూడుకు దిగెను. యంత్రమునందు లోపము లేదు. లోపము అప్పలసూరి."

"అమ్మా," అన్నాడు అప్పలసూరి, "ఆ ఉత్తరం రాసింది నానేనండి."

"తెలుసు. ఎడమచేత్తో రాసినా మీ 'ఫ'లు మీ 'ఫ'లే. అందుకే దాన్ని ఫిర్యాదు కింద తియ్యలేదు, నేరాంగీకారం కింద తీసుకున్నాం." ఆమె గొంతులో కోపం లేదు. "మీ నిజాయితీని కూడా నమోదు చేశాను."

మర్నాటి ధ్రువపత్రం ఆ మధ్యాహ్నమే టైపయింది. ఫ్రిజ్ సక్రమం. దాని కిందనే తొలగింపు ఉత్తర్వు. రెండింటి మీదా దివాకరం గారు సంతకం చేశారు. రెండోదాని మీద సంతకం ఎండిందో లేదోనని మూడుసార్లు వేలితో తాకి చూశారు. ఆ వెనకే కొత్త తాఖీదు: సాధించిన శీతలత్వమును కాపాడుకొనుటకై ఇకమీదట ప్రతి పావుగంటకు తెరిచి చూడవలెను.

అప్పలసూరి బాధ్యతలు అప్పగించవలసింది లింగమూర్తికి. పడవల విభాగం నుంచి బదిలీమీద వచ్చిన నలభై ఏళ్ల మనిషి, మంచివాడు, ప్రతిదీ రాసుకునే అలవాటున్నవాడు. అప్పలసూరి అతనికి రసమట్టం పెట్టడం చూపించాడు. బర్నరుకు మసి పడితే మంట పసుపుపచ్చగా తిరుగుతుందని చెప్పాడు. జాలీలో కందిరీగలు మళ్లీ గూడు కడతాయని చెప్పాడు. లింగమూర్తి చిన్న పుస్తకంలో ఒకటొకటిగా రాసుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"అన్నయ్యా, ఇయన్నీ సరేగానీ, అసలు కిటుకేటి? నాలుగు రోజుల్లో మూడు డిగ్రీలు ఎలాగొచ్చింది?"

"కిటుకేటీ నేదు తమ్ముడూ," అన్నాడు అప్పలసూరి సంచి భుజానికి తగిలించుకుంటూ. "దాని మానాన దాన్ని ఒగ్గీడమే."

లింగమూర్తి 'వదిలెయ్యాలి' అని రాసుకున్నాడు. కింద గీత గీశాడు. పెన్ను ఇంకా కాగితం మీదే ఉంచి తల ఎత్తాడు.

"గంటకెన్నిసార్లు?"